మళ్లీ లెక్కపెడితే



మీలో బియ్యం కొలవనివాళ్లు ఉండరు. కొందరు మానిక అంచు దాకా పోసి చేత్తో సమం చేస్తారు. కొందరు గోపురంలా పోసి కొలుస్తారు. ఎలా కొలిచినా తప్పు లేదు. కానీ బదులు ఇచ్చేటప్పుడు సమంగా కొలిచి, తిరిగి తీసుకునేటప్పుడు గోపురంలా పోయమంటే? "ఇదేం కొలతమ్మా!" అని అడుగుతారు. అడగాలి కూడా.

ఓట్ల లెక్కా అలాంటిదే. తేడా వేలల్లో ఉంటే మానిక వంక ఎవరూ చూడరు. తేడా కొద్దిగా ఉంటే అందరి చూపూ మానిక మీదే.

అంత తక్కువ తేడా వస్తుందా? వస్తుంది. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచారు. తేడా ఎంతో తెలుసా? 9 ఓట్లు! లక్షల మంది ఓటేసిన చోట తొమ్మిదే. రెండిళ్లవాళ్లు ఓటుకు పోకపోతే తారుమారయ్యేది.

ఇలాంటప్పుడు ఓడినవాళ్లు "మళ్లీ లెక్కపెట్టండి" అంటారు. గెలిచినవాళ్లు "అక్కర్లేదు" అంటారు. ఇద్దరూ న్యాయం పేరే చెబుతారు. మరి న్యాయం ఎటుందో ఎలా తెలుస్తుంది? అమెరికాలో జరిగిన సంగతి ఒకటి వినండి.

2000 నవంబరు 7న ఆ దేశంలో అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఒక పక్క జార్జి బుష్. ఇంకో పక్క అల్ గోర్. చివరికి అంతా ఫ్లోరిడా అనే ఒక్క రాష్ట్రం దగ్గర ఆగింది. అక్కడ గెలిచినవాళ్లే అధ్యక్షుడు. అక్కడ దాదాపు 60 లక్షల మంది ఓటేశారు. మొదటి లెక్కలో బుష్‌కు 1,784 ఓట్లు ఎక్కువ వచ్చాయి. యంత్రాలతో మళ్లీ లెక్కిస్తే తేడా ఇంకా తగ్గింది.

అక్కడ చాలా చోట్ల ఓటు వేయడమంటే అట్టకాగితానికి పుల్లతో చిల్లు పొడవడం. కొన్ని కాగితాలకు చిల్లు సరిగా పడలేదు. ముక్క ఊడకుండా వేలాడుతోంది. కొన్నింటికి సొట్ట మాత్రమే పడింది. యంత్రం వాటిని లెక్కలోకి తీసుకోలేదు. మనిషి చూస్తే? ఒకరి కంటికి అది ఓటు. ఇంకొకరి కంటికి కాదు. జిల్లాకో కొలత అయింది.

గోర్ పక్షం "ప్రతి ఓటూ లెక్కకు రావాలి" అంది. మంచి మాటే. కానీ చేత్తో లెక్కించమని ఎన్ని జిల్లాల్లో అడిగింది? 67 జిల్లాల్లో నాలుగింటే! ఆ నాలుగూ తమకు ఎక్కువ ఓట్లు పడ్డవే.

బుష్ పక్షం "నిబంధన నిబంధనే" అంది. ఇదీ మంచి మాటే. చేతి లెక్క ఆపమని కోర్టుకు వెళ్లింది. కానీ విదేశాల్లోని సైనికుల ఓట్లు పోస్టులో వచ్చాయి. కొన్ని కవర్ల మీద తపాలా ముద్ర లేదు. అప్పుడేమంది? "ముద్ర లేకపోయినా లెక్కపెట్టండి" అంది. ప్రతి ఓటూ రావాలన్న గోర్ పక్షం లాయర్లేమో, అక్కడ అడ్డం చెప్పారు.

చూశారా, మాటలు ఎలా మారాయో! తాను వలచింది రంభ, తాను మునిగింది గంగ.

ఇంకో సంగతి. ఆ రాష్ట్రంలో ఎన్నికలు చూసే పెద్ద అధికారి కేథరిన్ హారిస్. ఆమే అక్కడ బుష్ ప్రచార సంఘానికి సహ అధ్యక్షురాలు. ఆమె ఎంత న్యాయంగా చేసినా అవతలివాళ్లు నమ్ముతారా? పందెం కాసినవాళ్లే తీర్పు చెబితే ఎవరికి నమ్మకం?

చివరికి తేడా 537 ఓట్లన్నారు. డిసెంబరు 12న దేశ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జిల్లాకో కొలత న్యాయం కాదంది. మళ్లీ లెక్కించడానికి గడువూ లేదంది. లెక్క ఆగిపోయింది. బుష్ అధ్యక్షుడయ్యారు.

మరుసటి ఏడాది పెద్ద పత్రికలు కలిసి, లెక్కకు రాని సుమారు 1,75,000 కాగితాలను పరిశీలింపజేశాయి. ఏం తేలింది? గోర్ పక్షం అడిగిన నాలుగు జిల్లాల్లోనే లెక్కిస్తే బుష్షే గెలిచేవారు. రాష్ట్రమంతటా ఆ కాగితాలన్నీ లెక్కిస్తే గోర్ కొద్ది ఓట్లతో ముందుండేవారు. రాష్ట్రమంతా లెక్కిద్దామని గోర్ ఒకసారి అన్నారు. బుష్ ఒప్పుకోలేదు. కానీ గోర్ పక్షం కోర్టులో ఆ మాట మీద నిలబడలేదు. తమకు లాభమున్న చోటే అడిగింది. ఆ అడగడం వల్ల లాభమూ రాలేదు.

న్యాయంగా లెక్కిస్తే ఎలా ఉంటుంది? అది మన దేశంలోనే చూడవచ్చు. హర్యానాలో పానిపట్టు జిల్లా, బువానా లాఖూ గ్రామం. 2022 నవంబరులో సర్పంచి ఎన్నిక జరిగింది. ఓడిపోయారన్న అభ్యర్థి కోర్టుకు వెళ్లారు. సుప్రీంకోర్టు ఓటు యంత్రాలను ఢిల్లీకి తెప్పించింది. ఒక్క బూత్‌వి కాదు, అన్ని బూత్‌లవీ. కోర్టు అధికారి లెక్కించారు. రెండు పక్షాలవాళ్లూ ఎదురుగా ఉన్నారు. వీడియో తీశారు. 2025 ఆగస్టులో లెక్క తేలింది. మొత్తం ఓట్లు 3,767. ఓడారన్నాయనకు 1,051. గెలిచారన్నాయనకు 1,000! ఓడారన్నాయనే సర్పంచి అయ్యారు. కానీ అప్పటికి పదవీకాలంలో దాదాపు మూడేళ్లు గడిచిపోయాయి.

అందుకే మొదటి రోజే మెలకువగా ఉండాలి. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో అభ్యర్థి గానీ, ఏజెంటు గానీ మళ్లీ లెక్కించమని అడగవచ్చు. కారణం చూపి, కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటిమాట చాలదు. ఎన్నికల అధికారి లెక్కల పత్రం మీద సంతకం చేయకముందే ఇవ్వాలి. అధికారి కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి. సంతకం అయిపోతే ఇక హైకోర్టే దారి. దానికి గడువు 45 రోజులు.

ఓట్లు సరిసమానంగా వస్తే చీటీ తీస్తారు. చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లే గెలిచినట్టు.

లెక్కించే చోట ఏజెంటుగా మీరూ కూర్చోవచ్చు. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. పేర్లు చదవడం వచ్చు. ఎవరో చెబితే వినడం కాదు, మీ కంటితో మీరే చూడవచ్చు. కానీ మూడు మాటలు గుర్తుంచుకోండి. కొలత అందరికీ ఒకటే. లెక్క అందరి ముందే. లెక్కించేది ఏ పక్షమూ కాని మనిషి.

చివరగా ఒక ప్రశ్న. మీవాళ్లు 5 ఓట్లతో ఓడితే, మళ్లీ లెక్కపెట్టమని గట్టిగా అడుగుతారు. సరే. మరి మీవాళ్లు 5 ఓట్లతో గెలిచారనుకోండి. అవతలివాళ్లు మళ్లీ లెక్కపెట్టమన్నారు. అప్పుడు మీరేమంటారు?