కంటిపాపలో తెల్లటి మెరుపు



ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో పసిబిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే, వెలుతురు తేడా అనుకుని వదిలేయకండి. ఆ ఫోటోతో సహా కంటి డాక్టరుకు చూపించండి. అది రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కావచ్చు. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. మెల్లకన్ను కూడా ఒక్కోసారి దీని గుర్తే.

ఇది ఎందుకు వస్తుందంటే, మన కణాల్లో ఆర్‌బీ1 అనే జన్యువు ఉంది. కణం ఇష్టమొచ్చినట్టు విభజన చెందకుండా బండికి బ్రేకులా ఆపేది అదే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలు వస్తాయి. ఒకటి చెడినా రెండోది కాపు కాస్తుంది. కంటి లోపలి పొర అయిన రెటీనాలో ఒకే కణంలో రెండూ చెడితే గడ్డకు దారి తెరుచుకుంటుంది. 1971లో శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ నుడ్సన్ లెక్కగట్టి చెప్పిన మాట ఇది. 1986లో ఆ జన్యువే దొరికింది. కణితిని అణిచే జన్యువుల్లో మొదట చేతికి చిక్కింది ఇదే.

కొందరు పిల్లలకు ఒక కాపీ పుట్టుకతోనే చెడి ఉంటుంది. వాళ్లకు తరచూ రెండు కళ్లలోనూ వస్తుంది. జబ్బుకు మూలం జన్యువులో ఉంటే, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని తల్లిని నిందించడం ఘోరమైన అన్యాయం.

హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి చికిత్స ఉంది. తొందరగా వెళితే ప్రాణం దక్కుతుంది, చాలామందికి చూపూ నిలుస్తుంది. వెళ్లేటప్పుడు బిడ్డ తోబుట్టువులనూ తీసుకెళ్లండి, వాళ్ల కళ్లూ పరీక్ష చేయించాలి.