ఐడా వెల్స్: ప్రత్యర్థుల లెక్కలతోనే వాదించిన పాత్రికేయురాలు

(సాంస్కృతిక సంఘ సభయందలి ప్రసంగ పాఠము)



1893లో పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో గాంధీజీని రైలుపెట్టెనుండి దింపివేసిన కథ మన పిల్లలకు సైతము తెలియును. అంతకు ఇంచుమించు పదేండ్లు ముందే అమెరికాలో ఇరువదియేండ్లు దాటిన నల్లజాతి ఉపాధ్యాయిని యొకతె అట్టి అవమానమునే ఎదుర్కొనెను. ఆమె టిక్కెట్టు కొని స్త్రీల పెట్టెలో కూర్చుండగా, పొగత్రాగువారి పెట్టెలోనికి పొమ్మని కండక్టరు చేయి పట్టి లాగెను. ఆమె ఆ చేతిని కొరికెను! ముగ్గురు మగవారు కలసినగాని ఆమెను కదల్పలేకపోయిరి. ఆమె కంపెనీపై దావా వేసి 1884లో 500 డాలర్ల పరిహారము గెలుచుకొనెను. 1887లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. ఆమెయే ఐడా బి. వెల్స్.

ఐడా 1862 జూలై 16న మిసిసిపీ రాష్ట్రమందలి హోలీ స్ప్రింగ్సులో బానిస దంపతులకు జన్మించెను. 1878లో పచ్చజ్వరము ఆమె తల్లిదండ్రులను, పసితమ్ముని బలిగొనెను. పదునారేండ్ల ఆ బాలిక మిగిలిన తోబుట్టువులను పరులపాలు కానీయక బడిలో పాఠములు చెప్పి పోషించెను. తరువాత మెంఫిస్ నగరము చేరి, 1889లో ‘ఫ్రీ స్పీచ్’ పత్రికకు భాగస్వామినియు సంపాదకురాలును అయ్యెను. నల్లపిల్లల బడుల దుస్థితిని విమర్శించినందుకు 1891లో ఉపాధ్యాయ ఉద్యోగము పోయెను.

ఆమె జీవితమును మలుపు త్రిప్పినది 1892 మార్చి. టామస్ మాస్ అను పోస్టుమాను మిత్రులతో కూడి ఒక సరుకుల దుకాణము నడుపుచుండెను. ఐడా అతని కుమార్తెకు జ్ఞానమాత. ఆ దుకాణము ఎదుటి తెల్ల వర్తకునికి కంటగింపయ్యెను. తగవు పెరిగెను, మాస్‌ను, మరి యిద్దరిని చెరలో పెట్టిరి. ఒక రాత్రి మూక చెరసాలపై బడి ముగ్గురిని ఈడ్చుకొనిపోయి కాల్చి చంపెను. విచారణ లేక మూకలు చేయు ఇట్టి హత్యలనే అమెరికాలో లించింగు అందురు.

ఈ ఊరు విడిచిపొండని ఐడా తనవారికి వ్రాసెను. వేలమంది పోయిరి. మిగిలినవారు ట్రాముబండ్లు ఎక్కుట మానిరి. నష్టము భరింపలేక ట్రాము కంపెనీ అధికారులు పత్రికా కార్యాలయమునకు వచ్చి, నల్లవారు విద్యుచ్ఛక్తికి భయపడుచున్నారా యని అడిగిరట! పాలకులకు కారణము తమ కనులయెదుటనున్నను కానరాని సందర్భములు ఏ దేశమందైనను ఉండును.

తెల్లస్త్రీల మానరక్షణకై ఈ హత్యలు జరుగుచున్నవని నాటి పత్రికలు ప్రచారము చేసెడివి. మాస్ విషయమున అది శుద్ధ అబద్ధమని ఎరిగిన ఐడా తక్కిన ఉదంతములను కూడ విచారించి, ఆ వాదమును ధిక్కరించుచు మే నెలలో సంపాదకీయము వ్రాసెను. ఆమె ఊరిలో లేని సమయమున మూక ఆ పత్రికా కార్యాలయమును ధ్వంసము చేసెను. తిరిగి వచ్చినచో ప్రాణము దక్కదని కబురు వచ్చెను. ఆమె న్యూయార్కులో నిలిచి, ‘సదరన్ హారర్స్’ అను పుస్తకమును ఆ సంవత్సరమే ప్రకటించెను.

1895లో వెలువడిన ‘ఎ రెడ్ రికార్డ్’ ఇంకను విశేషమైనది. అందు హతుల పేర్లు, తేదీలు, స్థలములు, మోపిన నేరములు పట్టికలుగా కలవు. ఆ లెక్కలు తెల్లవారి పత్రికయగు ‘షికాగో ట్రిబ్యూన్’ ప్రకటించినవే. వానినిబట్టి ఇంచుమించు మూడింట రెండువంతుల మందిపై స్త్రీ విషయమైన ఆరోపణయే లేదు; కొందరిపై ఏ నేరమును లేదు. దస్త్రములతో పనిచేయువారికి ఈ పద్ధతిలోని బలము సులభముగా బోధపడును. ప్రతివాది తానే వ్రాసికొన్న కాగితమును కాదనజాలడు గదా.

స్త్రీల వోటుహక్కు ఉద్యమమందును ఆమెకు రైలుపెట్టెయే ఎదురయ్యెను. 1913 మార్చి 3న వాషింగ్టనులో మహిళల ఊరేగింపు జరిగినప్పుడు, దక్షిణాదివారికి కష్టము కలుగునని నల్లస్త్రీలను వెనుక నడువుమనిరి. ఐడా ప్రేక్షకులలో నిలిచి, తన ఇల్లినాయి రాష్ట్ర బృందము రాగానే ఇద్దరు తెల్ల మిత్రురాండ్ర నడుమ ప్రవేశించి నడిచెను. షికాగోలో ఆమె స్థాపించిన ఆల్ఫా సఫ్రేజ్ క్లబ్బు నల్లస్త్రీలకు వోటు వినియోగము నేర్పెను.

నలుగురు బిడ్డల తల్లియై, చంటిబిడ్డతోనే ఉపన్యాసములకు తిరిగిన ఆమె 1931 మార్చి 25న షికాగోలో కన్నుమూసెను. లించింగును సమాఖ్య నేరముగా చేయు శాసనము 2022లో గాని అమెరికాలో రాలేదు. ఆమె స్వీయచరిత్ర వ్రాతప్రతి ఒక వాక్యము నడుమ ఆగిపోయినది. దానిని ఆమె కుమార్తె పరిష్కరించి 1970లో ప్రకటించెను.