స్టీరింగు మాట వినని కారు

పెద్దపల్లి నుండి సుల్తానాబాదు మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై పాత కారు నడపువారికి ఒక సంగతి అనుభవమే. స్టీరింగును బెత్తెడు దూరము త్రిప్పినను కారు కదలిక మారదు. ఆపై ఒక్కసారిగా ప్రక్కకు లాగును. ఎదుట బొగ్గు లారీ వచ్చుచుండగా ఆ బెత్తెడే ప్రాణమునకు ముప్పు.

మా వద్దనున్నది స్టాండర్డు హెరాల్డు. ఇంగ్లండులో ట్రయంఫ్ పేరిట 1959లో వెలువడిన ఈ కారునకు రూపకల్పన చేసినవాడు ఇటలీ దేశీయుడగు మికెలొట్టి. 1961 నుండి మద్రాసులోని స్టాండర్డు కంపెనీవారు దానిని మన దేశమున తయారుచేసిరి. ఆ చాసిస్‌నే కురుచచేసి 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్సు కారును తెచ్చిరి. కావున మా హెరాల్డు ఆ పందెపు గుర్రమునకు అక్క వరుస. దీని ముందుభాగమంతయు ఒక్క మూతవలె ముందుకు వాలును. మెకానిక్కు టైరు మీదనే కూర్చుండి పని చేసికొనవచ్చును. నేటి కార్లలో ఇట్టి సౌఖ్యము మాకు కనబడలేదు.

స్టీరింగు క్రింది కొనను పినియన్ అను చిన్న పండ్లచక్రము, దాని నానుకొని రాక్ అను పండ్ల కడ్డీ ఉండును. స్టీరింగు తిరిగినకొలది రాక్ కుడియెడమలకు జరిగి, తన రెండు కొనలనున్న బాల్ జాయింట్ల ద్వారా, టై రాడ్ల ద్వారా చక్రములను మలుపును. అంబాసడరులోను ఇదే పద్ధతి గనుక ఇచటి పాత మెకానిక్కులకు ఇది క్రొత్త విద్య కాదు.

ముందు మేము చేసిన పొరపాటు చెప్పెదము. రాక్‌ను పినియన్‌కు ఒత్తిపట్టు స్ప్రింగు ఒకటి కలదు. దాని మూత క్రింద షిమ్ములను పలుచని రేకులుండును. రెండు షిమ్ములు తీసి మూత బిగించితిమి. వదులు మాయమైనది, సంతోషించితిమి. కాని బస్టాండు వద్ద మలుపు తిరిగినంతనే స్టీరింగు పట్టుకొనిపోయినది. చేతులతో బలముగా లాగినగాని కారు తిన్నబడలేదు. ఎదుటి ఆటోవాడు చురుకైనవాడు గనుక బ్రతికితిమి. కారు తన ఆయువులో అధికభాగము తిన్నగానే పోవును. అందువలన రాక్ నడిమి పండ్లే అరుగును. కొనల పండ్లు క్రొత్తవానివలె నిలుచును. నడుమ వదులు పోవునట్లు బిగించినచో కొనలయందు పట్టుకొనక తప్పదు.

అప్పుడు గాని సరియైన పరీక్షకు పూనుకొనలేదు. ఒకరు లోపల కూర్చుండి స్టీరింగును కొంచెము అటునిటు ఆడించుచుండగా, మరియొకరము ఒక్కొక్క కీలు మీద చేయి వేసి చూచితిమి. ఇట్టి వదులును కంటి కంటె చేయి ముందుగా పసికట్టును. ఒక టై రాడ్ ఎండు, ఒక లోపలి బాల్ జాయింటు అరిగియున్నవి. అంతకు మించినది మరియొకటి: రాక్‌ను చాసిస్‌కు పట్టియుంచు రబ్బరు దిమ్మలు ఇంజను నూనె త్రాగి మెత్తబడినవి. స్టీరింగు త్రిప్పినపుడెల్ల రాక్ మొత్తమే ప్రక్కకు జరుగుచుండెను. అన్నింటికంటె చౌకయైన భాగమే అధిక దోషము చేసినది! బాల్ జాయింటు అరుగుటకు చినిగిన రబ్బరు బూటు కారణము. బసంత్‌నగర్, రామగుండం దారుల సిమెంటు దుమ్ము, బొగ్గు పొడి లోనికి చేరి గ్రీజుతో కలిసి సానపిండి యగును.

అరిగినచోట వెల్డింగు చేసి సరిపెట్టుదమని ఒకరనిరి. వలదంటిమి. వేడికి ఉక్కు గుణము మారి, కడ్డీ చెప్పక విరుగగలదు. మద్రాసులో హెరాల్డు తయారీ ఏనాడో ఆగిపోయినను, స్పిట్‌ఫైర్ అభిమానుల పుణ్యమున ఇంగ్లండులో ఈ విడిభాగములు నేటికిని దొరకుచున్నవి, తెప్పించుకొంటిమి.

పాత టై రాడ్ ఎండును విప్పునపుడు అది ఎన్ని చుట్లు తిరిగి వచ్చినదో లెక్కించి వ్రాసికొనవలెను. క్రొత్తదానిని అన్ని చుట్లే ఎక్కించిన చక్రములు ఇంచుమించు తిన్నగా నిలుచును. తుది అలైన్‌మెంటును కొలిచియే చేయవలెను. బాల్ జాయింటును వదులు లేకుండ, అయినను బిగిసిపోకుండ షిమ్ములతో కుదిర్చి, దాని తాళపు రేకును మరల మడువవలెను. మూత షిమ్ములను రాక్ ఈ కొన నుండి ఆ కొనకు జరిపి, బిగువు అధికముగానున్న చోటనే సరిచూడవలెను. నడుమ కొంచెము వదులు మిగిలినచో మిగులనిండు. అది సహింపరానంత యున్నచో రాక్‌నే మార్చవలెను. మరియొక మాట: చక్రము క్రింది ట్రనియన్‌లో గ్రీజు గాక గేరు నూనె పోయవలెను. అది ఎండి విరిగినచో చక్రమే ప్రక్కకు పడిపోవును.

మొన్న సుల్తానాబాదు వరకు పోయి వచ్చితిమి. స్టీరింగు త్రిప్పినంతనే కారు మళ్లుచున్నది. ఎడమ బూటు క్లిప్పు ఒక్కటి వదులుగానున్నది. వచ్చు ఆదివారము దాని పని చూడవలెను.