అప్పు దావా – ఏ కోర్టులో?
(సంఘ సభ్యుల సమావేశములో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘములో ఒక సభ్యుడు మాకు ఒక కాగితము చూపాడు. అతడు వాయిదాల మీద పాలు పితికే యంత్రము కొన్నాడు. కొన్ని వాయిదాలు తప్పాయి. అమ్మినవారు దూరపు నగరములో దావా వేశారు. సమను వస్తే, "ఆ కోర్టుకు మన ఊరితో ఏమి పని?" అని చూరులో దోపాడు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. మేము చూసినది ఆ డిక్రీ అమలు నోటీసు.

అతని ప్రశ్న న్యాయమైనదే. అయితే అది అరుగు మీద కాదు, కోర్టులో అడగవలసినది.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 20వ సెక్షను ప్రకారము ఇట్టి దావా ప్రతివాది నివసించే చోటగాని, వ్యాపారమో పనో చేసుకొనే చోటగాని, వ్యాజ్య కారణము కొంతైనా పుట్టిన చోటగాని వేయాలి. ఒప్పందము ఎక్కడ జరిగింది, సొమ్ము ఎక్కడ చెల్లించాలి అన్నవి చూస్తారు. "ఫలానా నగరపు కోర్టే" అని కాగితము మీద అచ్చు వేసినంత మాత్రాన, చట్టము ఇవ్వని అధికారము ఆ కోర్టుకు రాదు. రెండు కోర్టులకూ అధికారము ఉన్నచోట మాత్రము, ఒకదానిని ఎంచుకొన్న షరతు చెల్లుతుంది. కాబట్టి సంతకానికి ముందే చదివించుకోండి.

21వ సెక్షను ముఖ్యము. ఈ అభ్యంతరము మొదటి కోర్టులోనే, వీలైనంత త్వరగా, ఇష్యూలు ఖరారయ్యే లోపున చెప్పాలి. తరువాత పైకోర్టులో చెబితే సాధారణముగా వినరు. సమను అందిన 30 రోజులలో వకీలు ద్వారా వ్రాతమూలకముగా జవాబు దాఖలు చేయాలి. అందులో పరిధి అభ్యంతరముతోపాటు బాకీ లెక్కకు కూడ జవాబు చెప్పాలి. అభ్యంతరము నెగ్గితే, సరైన కోర్టులో వేసుకొమ్మని దావా వాపసు ఇస్తారు. అంతేగాని బాకీ రద్దు కాదు.

సంఘ వ్యాపారము గురించి సంఘానికీ సభ్యునికీ వచ్చే తగాదా వేరు. 1964 సహకార చట్టము క్రింద రిజిస్టరైన సంఘమైతే అది 61వ సెక్షను ప్రకారము రిజిస్ట్రారు వద్దకు పోవాలి.

మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, ఆదాయ పరిమితికి లోబడినవారికి 1987 చట్టము క్రింద ఉచిత న్యాయ సహాయము ఉన్నది.

కార్యదర్శులకు మా మనవి: ఎవరైనా సమను తెస్తే, వాయిదా తేదీ చూసి ఆ రోజే వకీలు దగ్గరకు పంపండి. పాలు విరిగిన తరువాత కాచి ప్రయోజనము లేదు.