పావగడ కొండబాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పావగడ పేరు మీలో చాలమంది వినియే యుందురు. అది కర్ణాటక రాష్ట్రము, తుమకూరు జిల్లాలోనిది. ఎక్కువ ఇండ్లలో మాట మాత్రము తెలుగే. అక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఆ ఎండనే పంటగా తీయుటకు సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము వెలసినది. 2018లో అది పని ఆరంభించినది.

మేము కొందరము ఆ సీమవారము. బ్రతుకుతెరువుకు ఇక్కడికి వచ్చినాము. సెలవులకు పోయినప్పుడు అక్కడి గుట్టలలో ఒక కాలిబాటను బాగుచేయ పూనుకొన్నాము. అది షికారుకు వచ్చేవారికే కాదు. మేకల కాపరులకు, గడ్డిమోపులు మోసే ఆడవారికి నిత్యము అదే దారి.

మొదటి ఏడు మేము చేసిన పని చెప్పుటకు సిగ్గుగా ఉన్నది. గడ్డిని వేళ్లతో చెక్కి, రాళ్లు ఏరి, బాటను అద్దమువలె చేసినాము. ఫొటో కూడ తీసుకొన్నాము. తొలి పెద్దవానకే అది మోకాటిలోతు గండి పడినది. ఒక ముసలి కాపరి చూచి, "నాయనా, మీరు బాట వేసినారా, వంక తవ్వినారా?" అన్నాడు.

కరువుసీమలో బాటను చెరిపేది నీరే! వాన కొద్దిరోజులే, కాని వచ్చినప్పుడు జోరుగా వచ్చును. గడ్డివేరు లేనిచో మన్ను నిలువదు. రైల్వే గుమాస్తాలమైన మాకు ఇది తోచకపోవుట వింత. రైలుకట్టకు కంకర ఎంత ముఖ్యమో ప్రక్క కాలువ అంత ముఖ్యము గదా!

ఆపైన ఆ తాతనే గురువుగా పెట్టుకొన్నాము. ఇప్పుడు బాటకు అడ్డముగా, ఏటవాలుగా రాళ్లు వరుసగా పాతుచున్నాము. రాయి సగముకంటె ఎక్కువ మంటిలోనే ఉండవలెను. నీరు దానికి తగిలి పల్లమువైపు తొలగిపోవును. అక్కడ చేరిన ఒండ్రును వానలకు ముందు, తరువాత తీయవలెను. అడ్డదారులకు తుమ్మకంప వేయుచున్నాము. ఎండ ముదరకముందే పని చాలించెదము. పాత కోటగోడల రాయి ఒక్కటియు ముట్టము.

అమెరికాలోని అరిజోనా ఎడారి రాష్ట్రములో మెక్సికో సరిహద్దు నుండి యూటా సరిహద్దు వరకు సుమారు 800 మైళ్ల కాలిబాట 2011లో పూర్తి అయినది. దానిని భాగములుగా పంచుకొని స్వచ్ఛంద సేవకులు కాపాడుచున్నారు. అక్కడ స్థిరపడిన మన పిల్లలు చూచి రావచ్చును.

ఊరిమీద ప్రేమ కలదని సభలలో చెప్పుచుందుము. ఆ ప్రేమకు ఏడాదికి ఒక పూట, ఒక గడ్డపార కావలెను. అంతకంటె ముందు, ఆ దారిన రోజూ నడిచేవారిని అడుగవలెను. మేము అడుగక చెడిపినాము.

పోయిన వానలకు మా బాట నిలిచినది. తాత ఏమీ అనలేదు. మేకలను ఆ దారినే తోలుకొని పోయినాడు. మాకు అదే సన్మానము.