జీతాలకు గీసిన గిరి: హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో ఒక అధ్యాయం

(సయ్యద్ అబ్దుల్ రహీం స్మృతిలో నందవరంలో చేసిన ప్రసంగానికి అచ్చురూపం)



1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్న కోచ్ రహీం, తర్వాత ఏడాది తిరక్కముందే, 1963 జూన్ 11న కన్నుమూశారు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన 1956 జట్టూ ఆయన చేతిలో తయారైనదే. ఆ ఘనత చాలామందికి తెలుసు. ఆయన తీర్చిదిద్దిన పిల్లలు ఎందుకు హైదరాబాద్ విడిచి వెళ్లారన్నది మాత్రం తక్కువగా చెప్పుకున్న కథ. అది జీతాల కథ.

రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఆటగాళ్లకు దక్కింది పోలీసు శాఖ జీతం. ఎంత బాగా ఆడినా సర్కారు గ్రేడు దాటి పైసా ఎక్కువ ఇచ్చే వీలు ఆ జట్టుకు లేదు. ఒక రకంగా దేశంలో తొలి జీతాల పరిమితి అదే అనాలి. కాకపోతే అది ఒక్క జట్టుకే వర్తించింది. కలకత్తా క్లబ్బులు పేరుకు అమెచ్యూరు క్లబ్బులైనా, మంచి ఆటగాడి చేతిలో డబ్బు పెట్టడం అందరికీ తెలిసిన రహస్యం.

ఫలితం ఊహించదగ్గదే. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అదే దారి పట్టారు. ఈ సభలో కూర్చున్న వారికి ఆ ప్రయాణాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మిరపకోతల కాలంలో నందవరం, కోసిగి పల్లెలు గుంటూరుకు సుగ్గికి, అంటే కూలి వలసకు, కదిలినట్టే, హైదరాబాద్ మైదానాలు కలకత్తాకు కదిలాయి. కూలి ఎక్కడ గిట్టుబాటైతే మనిషి అక్కడికి పోతాడు. అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అదే కాలంలో ఇంగ్లండ్ పరిస్థితి తలకిందులుగా ఉండేది. 1961 జనవరి వరకు అక్కడ ఎంతటి ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదు. పైగా ఒప్పందం ముగిసినా పాత క్లబ్బు ఒప్పుకోనిదే ఇంకో క్లబ్బుకు పోలేడు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడ్డాకే ఆ పరిమితి పోయింది. వెంటనే ఫుల్‌హామ్ జట్టు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. అన్నేళ్లూ అతని ఆటలో ఎంత వాటా క్లబ్బు జేబులోకి పోయిందో ఆ ఒక్క అంకె చాటింది.

ఈ రెండింటికీ మధ్య దారి వెతికింది అమెరికా. అక్కడి ఫుట్‌బాల్ ఆట వేరు, అండాకారపు బంతితో ఆడేది; జీతాల లెక్క మాత్రం అందరూ చదవదగ్గది. 1993లో జట్ల యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ ఒప్పందం కుదిరింది. ఒప్పందకాలం తీరిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు పోవచ్చు; అతన్నే ఫ్రీ ఏజెంట్ అంటారు. బదులుగా ప్రతి జట్టు మొత్తం జీతాలకూ ఒక గిరి గీశారు. 1994లో అది 3.46 కోట్ల డాలర్లు, 2024లో 25.54 కోట్లు. అక్కడ పరిమితీ స్వేచ్ఛా ఒకే బల్ల మీద, ఇరుపక్షాల సంతకాలతో పుట్టాయి.

ఆ గిరి జట్టు ప్రణాళికను ఎలా శాసిస్తుందో అక్కడి జట్టు డెన్వర్ బ్రాంకోస్‌ను చూస్తే తెలుస్తుంది. సంతకం చేసినప్పుడు ఆటగాడికి ఇచ్చే బోనస్‌ను లెక్కల్లో అయిదేళ్ల దాకా పరిచి చూపవచ్చు. ఇవాళ చోటు మిగులుతుంది, రేపటి చోటు ఖర్చవుతుంది. ఆ జట్టు తన ఆటగాడు రసెల్ విల్సన్‌ను 2024లో వదిలేసినప్పుడు ఆ బకాయి లెక్కంతా మీద పడింది: రెండేళ్లకు కలిపి 8.5 కోట్ల డాలర్లు, అందులో 5.3 కోట్లు మొదటి ఏడాదికే. జట్టులో లేని మనిషి ఆ ఏటి పరిమితిలో అయిదో వంతు మింగేశాడు. అలాంటి జట్టు మార్చిలో ఫ్రీ ఏజెంట్ల సంత తెరుచుకోగానే ఖరీదైన పేర్ల వైపు పోలేదు. చవకలో దొరికే వారినీ, అనుభవం లేని కుర్రాళ్లనూ వెతుక్కోవాల్సిందే.

తెలుగు కబడ్డీ అభిమానులు ఇదే చిక్కును దగ్గర నుంచి చూశారు. ప్రో కబడ్డీ పదో సీజన్‌లో ఒక్కో జట్టు ఖర్చు చేయగలిగింది 5 కోట్ల రూపాయలు. తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ ఒక్కడికే 2.605 కోట్లు పెట్టింది. పవన్ గొప్ప రైడర్, అందులో సందేహం లేదు. మిగిలిన సగం కన్నా తక్కువ సొమ్ముతో జట్టంతా నింపాల్సి రావడంతో ఆ సీజన్‌లో టైటాన్స్ చివరి స్థానంలో నిలిచింది. తర్వాతి వేలంలో అదే పవన్ 1.725 కోట్లకు దక్కాడు. మిగిలిన చోట్లకు డబ్బు మిగిలింది, జట్టు ఆట మెరుగైంది.

ఇక మళ్లీ హైదరాబాద్‌కు. ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టినప్పుడు జట్టుకు జీతాల పరిమితి 16.5 కోట్లు. తొలి ఏడాది 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. తర్వాత స్పెయిన్ కోచ్ మానోలో మార్క్వెజ్ వచ్చి, పెద్ద పేర్లు కొనకుండా కుర్రాళ్లను పెంచాడు. ముంబయితో ఒప్పందం తీరిన నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచేను 2021లో చేర్చుకున్నారు. ఆ సీజన్‌లో అతను 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా ముగిశాక, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. రహీం ఊరు అంతగా మురిసిన ఫుట్‌బాల్ రాత్రి చాలా ఏళ్లుగా లేదు.

కానీ పెంచిన కుర్రాళ్లు ఒక్కొక్కరే కదిలారు. 2021లోనే లిస్టన్ కొలాసో, 2022లో ఆశిష్ రాయ్ కోల్‌కతాకు వెళ్లారు. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబయి చేరాడు. అక్కడితో ఆగినా కోలుకునేవారేమో. 2023-24లో అసలు జీతాలే అందలేదు. బకాయిల వల్ల ఫిఫా కొత్త సంతకాలపై నిషేధం పెట్టింది. విదేశీయులు వెళ్లిపోయారు, 2024 జనవరిలో చింగ్లెన్‌సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరుకు, మహమ్మద్ యాసిర్ గోవాకు మారారు. మిగిలిన కుర్రాళ్లతో కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో సీజన్ లాక్కొచ్చాడు. ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఇక్కడ గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. పైన గీసిన పరిమితి గీత ఎంత ఖర్చు చేయకూడదో చెప్పింది. ఒప్పుకున్న జీతం నెలనెలా ఆటగాడి చేతికి చేరేలా చూసే ఏర్పాటు ఆ క్లబ్బును కాపాడేంత బలంగా లేకపోయింది. అమెరికా ఒప్పందంలో జట్లు కనీసంగా ఇంత ఖర్చు చేసి తీరాలన్న నిబంధన కూడా ఉంది. దాన్ని రాయించింది బేరానికి కూర్చున్న ఆటగాళ్ల సంఘం. మన లీగుల్లోనూ సీజన్ మొదలవక ముందే జీతాల సొమ్ములో కొంత లీగు వద్ద డిపాజిట్ చేయించాలి. పరిమితిని నిర్ణయించే సమావేశంలో ఆటగాళ్ల ప్రతినిధులకు ఓటుండాలి. జీతం రెండు నెలలు ఆగితే, సొంత ఖర్చుతో ఫిఫా దాకా పోనక్కర్లేకుండా, ఆ డిపాజిట్ నుంచే చెల్లించాలి. రహీం 1943 నుంచి చనిపోయేదాకా కార్యదర్శిగా నడిపిన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం వారసులు ఈ మూడు కోర్కెలనూ జాతీయ సమాఖ్య ముందు పెట్టవచ్చు. పెట్టాలని ఈ సభ అడుగుతోంది.