అల్‌బెరూనీ రాసుకున్న జాబితా

(సంఘం వార్షిక సభలో ఒక రిటైర్డు జియాలజీ లెక్చరరు చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ సాబ్ మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఈసారి విద్యార్థులకు పనికివచ్చే నాలుగు ముక్కలు మీరే చెప్పాలి" అన్నారు. ముప్పయ్యేళ్ళు కాలేజీలో రాళ్ళ గురించీ మట్టి గురించీ పాఠాలు చెప్పినవాణ్ణి. నాకు తెలిసింది అదే. అందుచేత ఈ రోజు ఒక భూశాస్త్రజ్ఞుడి గురించే మాట్లాడతాను. ఆయన ఏం కనిపెట్టాడో కొంత చెబుతాను. ఆయన రాసిందంతా చివరకు ఏమయింది, ఎవరు చదివారు, ఎవరు ఆయన పేరు చెప్పారు అన్నది మరికాస్త ఎక్కువగా చెబుతాను.

దీనికి కారణం మా అమ్మాయి కూతురు. పిహెచ్.డి. చేస్తోంది. మొన్న సెలవులకు వచ్చి దిగాలుగా కూర్చుంది. ఏమమ్మా అని అడిగితే, "నానా, నా పేపరు అచ్చయి రెండేళ్ళయింది. ఒక్క సైటేషనూ రాలేదు. ఇంకెందుకీ చదువు?" అంది.

సైటేషన్ అంటే ఏమిటో కొందరు పెద్దలకు చెప్పాలి. ఒకరు వ్యాసం రాస్తారు. తరువాత రాసేవాళ్ళు, "ఈ సంగతి ఫలానావారు ఫలానా వ్యాసంలో చెప్పారు" అని పేరు పెట్టి రాస్తారు. అదే సైటేషన్. మనకిది బొత్తిగా కొత్త కాదు. హదీసు చెప్పేటప్పుడు ఎవరు ఎవరి దగ్గర విన్నారో వరుసగా పేర్లు చెప్పే ఇస్నాద్ పద్ధతి మనవాళ్ళు ఎరిగినదే.

కొత్త ఏమిటంటే, ఆ పేర్లను లెక్కపెట్టడం. అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అని ఒక పెద్ద సూచికను తెచ్చాడు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు హెచ్-ఇండెక్స్ అని ఒక అంకె తయారుచేశాడు. ఒకరి వ్యాసాల్లో పదింటికి, ఒక్కొక్కదానికి కనీసం పదేసి సైటేషన్లు ఉంటే ఆయన అంకె పది. ఇప్పుడు చాలాచోట్ల ఉద్యోగాలు, ప్రమోషన్లు ఇచ్చేటప్పుడు ఈ అంకెలు కూడా చూస్తున్నారు. పిల్ల దిగులు పడటంలో తప్పులేదు.

ఆ రాత్రి ఆమెకు అల్‌బెరూనీ సంగతి చెప్పాను. అదే మీకూ చెబుతాను.

అబూ రైహాన్ అల్‌బెరూనీ 973లో ఖ్వారిజంలో పుట్టాడు. ఆయన పుట్టిన చోటు ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. 1017లో గజనీ మహమూదు ఖ్వారిజాన్ని పట్టుకున్నప్పుడు ఈయన్ని కూడా గజనీకి తీసుకుపోయారు. తన ఇష్టంతో వెళ్ళిన మనిషి కాదు. ఆ మరుసటి సంవత్సరం కాబూలు దగ్గర ఒక పల్లెలో ఉండగా సూర్యుడి ఎత్తు కొలవాలనుకున్నాడు. చేతిలో పరికరం లేదు. లెక్కలు వేసుకునే పలక వెనకవైపు వృత్తంలో ఒక ముక్క గీసి, గీతలు పెట్టి, ఒక బరువు వేలాడదీసి కొలిచాడు. ల్యాబు లేదు, ఫండు లేదు అని కూర్చునే మన కుర్రవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆయన భూశాస్త్రం. 1030లో పూర్తయిన హిందూదేశ గ్రంథంలో గంగా మైదానం గురించి ఒక మాట ఉంది. కొండల దగ్గర రాళ్ళు పెద్దవిగా, గుండ్రంగా ఉంటాయి. అక్కడ నీటి వేగం ఎక్కువ. దూరం పోయేకొద్దీ నీరు నెమ్మదిస్తుంది, రాళ్ళు చిన్నవవుతాయి. సముద్రం దగ్గరకు వచ్చేసరికి ఇసుకే మిగులుతుంది. కాబట్టి ఈ నేల ఒకప్పుడు సముద్రమనీ, నదులు తెచ్చిన ఒండ్రుతో మెల్లగా పూడిందనీ అన్నాడు. మీరు గంగ దాకా పోనక్కరలేదు. మన కృష్ణనే చూడండి. శ్రీశైలం దగ్గర బండరాళ్ళు, బెజవాడ దగ్గర ఇసుక తిన్నెలు, హంసలదీవి వైపు పోతే మెత్తటి ఒండ్రు. చూసినవాళ్ళు లక్షలమంది. ఎందుకిలా అని అడిగేవాళ్ళు తక్కువ.

ఆయన చెప్పిందంతా అక్షరాలా నిజమని నేను అనను. గంగా మైదానం హిమాలయాల ముందు కుంగిన పల్లమనీ, దాన్ని నింపింది ప్రధానంగా నదుల ఒండ్రేననీ ఇప్పుడు తెలుసు. సముద్రం అన్న మాటకు సవరణ ఉంది. ఒండ్రు అన్న మాట నిలబడింది. అట్లాగే అరేబియా ఎడారిలో బావులు తవ్వితే రాళ్ళలో గవ్వలు కనబడతాయనీ, కాబట్టి అక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదనీ 1025లో ముగించిన 'తహ్దీద్' అనే పుస్తకంలో రాశాడు. ఇటువంటి ఆలోచన అంతకుముందు గ్రీకుల్లోనూ ఉంది. అన్నీ మనవాళ్ళే కనిపెట్టారని చెప్పుకోవడం సరదాగానే ఉంటుంది కాని, బెరూనీకి అది నచ్చే పని కాదు.

ఎందుకు నచ్చదో చెబుతాను. భూమి ఎంత పెద్దదో కొలిచిన కథ మీలో కొందరు విని ఉంటారు. ఇప్పటి పాకిస్తాన్‌లోని నందన కోట దగ్గర కొండ ఎక్కి, దూరాన నేల, ఆకాశం కలిసినట్లు కనిపించే గీతను చూశాడు. కొండమీద నుంచి చూస్తే ఆ గీత కంటి మట్టానికి కొంచెం కిందుగా ఉంటుంది. ఎంత కిందుగా అని కొలిచాడు. డిగ్రీలో అరవయ్యో వంతు లెక్కన 34 వచ్చింది. కొండ ఎత్తు 652 మూరలు. ఈ రెంటితోనే లెక్కకట్టి భూమి వ్యాసార్ధం 1,28,03,337 మూరలని తేల్చాడు. ఆయన మూర ఎంత పొడవో పండితుల్లో ఏకాభిప్రాయం లేదు, కాబట్టి నేటి 6,371 కిలోమీటర్లతో పోల్చి ఇంత దగ్గర, అంత దగ్గర అని పందెం కాయకూడదు. పద్ధతి మాత్రం సరైనదే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. కొండమీద నుంచి ఇట్లా కొలవడం తన సొంతమని ఆయన చెప్పుకోలేదు. ఖలీఫా మామూన్ కాలంలో సనద్ బిన్ అలీ అనే ఆయన సముద్రం పక్కన ఒక కొండ ఎక్కి ఈ పని చేశాడని తహ్దీద్‌లో పేరు పెట్టి రాశాడు. రెండు వందల ఏళ్ళ కిందటి మనిషి. అడిగేవాడు లేడు. అయినా రాశాడు.

1036లో ఒకాయన, వైద్యుడు రాజీ రాసిన పుస్తకాలేవో చెప్పమని కోరాడు. బెరూనీ ఆ జాబితా రాసి ఇచ్చి, దాని చివర తన పుస్తకాల జాబితా కూడా చేర్చాడు. అప్పటికి అరవై దాటాయి. ముగించినవీ, ముగించనివీ కలిపి 113. ఇతరులు తన పేరిట రాసిన 25 పుస్తకాలను ఆ లెక్కలో కలపకుండా వేరుగా చూపించాడు. అందులో డజను ఆయన గురువు అబూ నస్ర్ రాసినవి. కలిపేసుకుంటే ఎవరు పట్టుకుంటారు? కలుపుకోలేదు. ఆ జాబితా తరువాత కూడా రాశాడు. మొత్తం 146 దాకా ఉంటాయని ఈ కాలపు పండితుల లెక్క. వాటిలో ఇప్పుడు దొరుకుతున్నవి ఇరవై పైచిలుకు మాత్రమే. మిగతావాటిలో చాలావాటికి పేరే మిగిలింది. ఆ పేరయినా మిగలడానికి పెద్ద కారణం ఆయన రాసుకున్న జాబితాయే.

ఇక ఆయన పేరు ఎంతమంది చెప్పారంటారా? ఇబ్న్ సీనా వైద్య గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళి యూరప్ విశ్వవిద్యాలయాల్లో పాఠ్యపుస్తకమయింది. అదే కాలంవాడయిన బెరూనీ పుస్తకాలకు ఆ యోగం పట్టలేదు. రాతి పొరల గురించీ, రాళ్ళలోని గవ్వల గురించీ 1669లో స్టెనో అనే డెన్మార్క్ దేశస్థుడు రాసినప్పుడు, అది యూరప్‌కు కొత్త ఆరంభం అయింది. హిందూదేశ గ్రంథాన్ని జర్మన్ పండితుడు సఖావ్ 1887లో అరబ్బీలో అచ్చువేసి, 1888లో ఇంగ్లీషు అనువాదం తెచ్చాడు. తహ్దీద్ అయితే ఇస్తాంబుల్‌లో ఒకే ఒక రాతప్రతిగా ఉండిపోయి, 1967లో గాని ఇంగ్లీషులోకి రాలేదు. అంటే రాసిన 942 ఏళ్ళకు! మా మనవరాలు రెండేళ్ళకే దిగులుపడింది.

ఇందులో మన హైదరాబాదుకీ పాత్ర ఉంది. 1888లో హైదరాబాదులో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ పుట్టింది. పాత అరబ్బీ రాతప్రతులు సేకరించి, పోల్చి, అచ్చువేయడం దాని పని. బెరూనీ రత్నాల గ్రంథం 1936లో, చిన్న రచనల సంపుటి 1948లో, ఖగోళ శాస్త్రంలో ఆయన మహాగ్రంథం 'ఖానూనె మసూదీ' మూడు సంపుటాలుగా 1954 నుంచి 1956 దాకా, హిందూదేశ గ్రంథం 1958లో అక్కడినుంచే వెలువడ్డాయి. విదేశాల్లో ఎవరయినా బెరూనీ మీద వ్యాసం రాస్తే, ఈ పుస్తకాల పేరు పక్కన "హైదరాబాదు" అని రాయవలసిందే. ఆ ప్రూఫులు దిద్దినవాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? బెరూనీకి వచ్చే ప్రతి సైటేషన్ వెనకా వాళ్ళ కళ్ళు ఉన్నాయి.

నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఉద్యోగం తొలిరోజుల్లో ఒక సర్వేలో రెండు వేసవులు తిరిగి బావుల్లో నీటిమట్టాలు కొలిచాను. రిపోర్టు అచ్చయింది. నా పేరు లేదు. ఏ ఆఫీసో, ఎవరో ఇప్పుడు అనవసరం. చాలా ఏళ్ళు ఆ బాధ మోశాను. మనవరాలికి ఇదంతా చెబుతుంటే ఆమె ఒక ప్రశ్న వేసింది. "నానా, బావి దగ్గర మీకు తాడు పట్టింది ఎవరు?" ఒక పల్లెటూరి కుర్రవాడు. రెండు వేసవులూ నాతోనే నడిచాడు. తరువాత నా సొంత వ్యాసంలో ఆ కొలతలు వాడుకున్నాను. ఆ కుర్రవాడి పేరు నేనూ రాయలేదు. ఇప్పుడు ఎంత తలచుకున్నా ఆ పేరు గుర్తు రావడం లేదు.

అందుకని విద్యార్థులకు నేను చెప్పేది రెండే మాటలు. మీ పేరు ఎంతమంది చెబుతారన్నది మీ చేతిలో లేదు. మీరు ఎవరి పేరు చెబుతారన్నది మీ చేతిలోనే ఉంది. పని సరిగా చెయ్యండి, చేసింది జాబితాగా రాసి పెట్టుకోండి, సాయం చేసినవాళ్ళ పేర్లు రాయండి.

పెద్దలకు ఒక మనవి. మన ఇళ్ళల్లో అటకలమీద తాతలనాటి ఉర్దూ, ఫార్సీ, తెలుగు పుస్తకాలు, చేతిరాత నోటుబుక్కులు ఉన్నాయి. చెదలు తినేలోగా ఏ ఇంట్లో ఏమున్నాయో ఒక కాగితంమీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. పుస్తకం ఇవ్వక్కరలేదు, జాబితా చాలు. కుర్రవాళ్ళు ఫోటోలు తీసి పెడతారు.

మనవరాలు తిరిగి వెళ్ళిపోయింది. తన పేపరుకు సైటేషన్ ఇంకా రాలేదట. రెండో పేపరు రాస్తోందట. అందులో శాంపిళ్ళు మోసిన మనిషి పేరు చేర్చానని ఫోనులో చెప్పింది. నాకు అది చాలు.